పన్ను లేదు, కానీ రిటర్న్ వేయాలి: ఒకే ఇంట్లో ఐదు పాన్ కార్డుల కేసు

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక కుటుంబం కేసు ఇది. ఇంట్లో పెద్దవాళ్లు ఐదుగురు, పాన్ కార్డులు ఐదు. 2024-25 ఆర్థిక సంవత్సరానికి వీళ్లలో ఒక్కరికి కూడా రూపాయి పన్ను పడలేదు. అయినా నలుగురు ఆదాయపు పన్ను రిటర్న్ వేసి తీరాల్సిందే. ఆ నలుగురికీ కారణాలు వేరువేరు. ఐదో మనిషికి మాత్రం అవసరం లేదు. పేర్లు, ఊరు చెప్పడం లేదు. లెక్క మారకుండా అంకెలను కాస్త గుండ్రంగా చేశాను.

ఈ కేసునే ఎంచుకుని రాయడానికి కారణం ఉంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత "12 లక్షల దాకా పన్ను లేదట, ఇంక రిటర్న్ ఎందుకండీ" అనే మాట రోజూ వింటున్నాను. పన్ను పడటం ఒక ప్రశ్న. రిటర్న్ వేయాల్సి రావడం ఇంకో ప్రశ్న. చట్టంలో ఈ రెండింటికీ పరీక్షలు వేరు, అంకెలు వేరు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు వాడేసుకోవడం వల్ల రీఫండ్ పోగొట్టుకున్నవాళ్లనీ, నష్టాన్ని వచ్చే ఏళ్లకు తీసుకెళ్లే హక్కు పోగొట్టుకున్నవాళ్లనీ చూస్తూనే ఉన్నాను.

కేసు ఎలా వచ్చింది

2025 ఆగస్టులో ఒక మాస్టారు వచ్చారు. వయసు 71, హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వచ్చింది తన పని మీద కాదు, భార్య పని మీద. ఆవిడ పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీలో బ్యాంకువాళ్లు పది శాతం కోసేశారు. "ఆ డబ్బు వెనక్కి వస్తుందా బాబూ?" అన్నదే ఆయన ప్రశ్న.

వస్తుందని చెప్పి, ఇంట్లో మిగిలినవాళ్ల సంగతి అడిగాను. "నాది పెన్షన్. అబ్బాయిది వ్యవసాయం, రొయ్యల చెరువులు. అమ్మాయి అమెరికాలో ఉంది. కోడలు ఇంట్లోనే ఉంటుంది. మాకెవరికీ పన్ను లేదండి" అన్నారు. ఐదుగురి ఏఐఎస్, 26ఏఎస్ (మన పాన్ మీద ముందే కట్ అయిన పన్ను వివరాల పత్రం), బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించండి మాస్టారూ, అవి చూశాక మాట్లాడుకుందాం అన్నాను. ఏఐఎస్ అంటే మన పాన్ మీద బ్యాంకులు, రిజిస్ట్రార్ ఆఫీసు, కంపెనీలు ఆదాయపు పన్ను శాఖకు పంపిన సమాచారమంతా ఒకచోట చూపించే పత్రం. ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో ఎవరికి వారు లాగిన్ అయి దింపుకోవచ్చు. దాన్ని చూడకుండా "నాకేమీ లేదు" అనే మాటను నేను ఏ క్లయింటు దగ్గరా తీసుకోను.

పరీక్ష ఎక్కడ మొదలవుతుంది

1961 ఆదాయపు పన్ను చట్టం 139(1) సెక్షన్ ప్రకారం కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు లాభం వచ్చినా నష్టం వచ్చినా రిటర్న్ వేయాలి. మనిషి విషయంలో మొదట చూసేది ఆదాయం మినహాయింపు పరిమితి దాటిందా అన్నది. ఇక్కడ రెండు చోట్ల తడబడతారు.

మొదటిది, ఏ ఆదాయం అన్నది. ఎల్ఐసీ, పీపీఎఫ్, మెడికల్ ఇన్సూరెన్స్, సీనియర్ సిటిజన్ల వడ్డీకిచ్చే 80టీటీబీ తగ్గింపు, ఇవన్నీ తీసేయకముందు వచ్చే అంకెను చూడాలి. ఇల్లు కొన్నందుకు, బాండ్లలో పెట్టినందుకు క్యాపిటల్ గెయిన్స్‌లో (ఆస్తి అమ్మితే వచ్చే లాభంలో) వచ్చే మినహాయింపులు కూడా అంతే, వాటిని తీసేయకముందే చూడాలి. జీతం, పెన్షన్ మీద ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్‌ను మాత్రం ముందే తీసేయవచ్చు, ఎందుకంటే అది ఆ ఆదాయాన్ని లెక్కగట్టే దశలోనే పోతుంది.

రెండోది, ఏ పరిమితి అన్నది. 2024-25కి కొత్త పన్ను విధానంలో అందరికీ 3 లక్షలు. పాత విధానంలో 60 ఏళ్ల లోపువాళ్లకు 2.5 లక్షలు, 60 నుంచి 80 లోపు వాళ్లకు 3 లక్షలు, 80 నిండితే 5 లక్షలు. జనం నోట్లో నానే 7 లక్షలు ఈ పరిమితి కాదు. అది 87ఏ సెక్షన్ రిబేటు. పన్ను లెక్కగట్టాక, ఆదాయం 7 లక్షలు దాటకపోతే ఆ పన్నును కొట్టేస్తారు. 2025-26కి వచ్చిన 12 లక్షలు కూడా అలాంటి రిబేటే. ఆ ఏడాదికి కొత్త విధానంలో అసలు పరిమితి 4 లక్షలు. కాబట్టి 4 లక్షలు దాటి 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు సాధారణంగా పన్ను సున్నా, రిటర్న్ మాత్రం తప్పనిసరి.

ఆదాయం పరిమితి లోపే ఉన్నా రిటర్న్ వేయించే షరతులు ఇంకొన్ని ఉన్నాయి. 2019లో చేర్చినవి: కరెంట్ ఖాతాల్లో ఏడాదిలో కోటి రూపాయలకు మించి డిపాజిట్, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు, కరెంటు బిల్లుకు లక్షకు మించి ఖర్చు. 2022 ఏప్రిల్‌లో 12ఏబీ నిబంధనతో వచ్చినవి: వ్యాపారం అమ్మకాలు 60 లక్షలు దాటడం, వృత్తి రాబడి 10 లక్షలు దాటడం, టీడీఎస్ (మనకు వచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను), టీసీఎస్ (మనం కొనేటప్పుడు అమ్మేవాళ్లు వసూలు చేసే పన్ను) కలిపి 25,000 లేదా అంతకు మించడం (దేశంలో నివసించే 60 ఏళ్లు నిండినవాళ్లకు 50,000), సేవింగ్స్ ఖాతాల్లో కలిపి 50 లక్షలు లేదా అంతకు మించి జమ కావడం. వీటిలో ఏ ఒక్కటి తగిలినా చాలు. ఇవి కాక, దేశంలో నివాసిగా ఉంటూ విదేశంలో బ్యాంకు ఖాతానో షేర్లో ఇల్లో ఉన్నవాళ్లు కూడా ఆదాయంతో పనిలేకుండా వేయాలి. ఆ చివరి షరతు ఈ కుటుంబంలో ఎవరికీ తగల్లేదు.

మాస్టారు: పెన్షన్ మాత్రమే అనుకున్నారు

ఏడాది పెన్షన్ 4,20,000. డిపాజిట్ల మీద వడ్డీ 62,000. బ్యాంకులో ఫారం 15హెచ్ (నాకు పన్ను పడదు, వడ్డీలో కోయకండి అని 60 నిండినవాళ్లు ఇచ్చే డిక్లరేషన్) ఇచ్చారు కాబట్టి టీడీఎస్ కట్ కాలేదు. టీడీఎస్ లేదు కాబట్టి రిటర్న్ కూడా అక్కర్లేదని ఆయన నమ్మకం.

కొత్త విధానంలో పెన్షన్ నుంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 3,45,000. వడ్డీ కలిపితే 4,07,000. పరిమితి 3 లక్షలు, కాబట్టి రిటర్న్ తప్పనిసరి. పైనున్న 1,07,000 మీద 5 శాతం అంటే 5,350 పన్ను, అది రిబేటులో పోయి సున్నా. పాత విధానంలో చూసినా వడ్డీ తగ్గింపుకు ముందు 4,32,000 వస్తుంది, అదీ 3 లక్షలు దాటుతుంది.

తోటి రిటైర్డ్ టీచరొకరు "పెద్దవాళ్లకు రిటర్న్ తీసేశారు" అని చెప్పారట. అది 194పీ సెక్షన్. 75 ఏళ్లు నిండాలి, పెన్షన్, వడ్డీ తప్ప ఇంకో ఆదాయం ఉండకూడదు, పెన్షన్ వచ్చే బ్యాంకులోనే ఆ వడ్డీ కూడా రావాలి, ఆ బ్యాంకు ప్రభుత్వం గుర్తించినదై ఉండాలి, దానికి ఫారం 12బీబీఏలో డిక్లరేషన్ ఇవ్వాలి. అప్పుడు పన్ను ఏమైనా ఉంటే బ్యాంకే లెక్కగట్టి కట్టేస్తుంది. మాస్టారికి 71, పైగా డిపాజిట్లు రెండు బ్యాంకుల్లో ఉన్నాయి. ఆయనకు అది వర్తించదు.

వేయకుండా వదిలేసిన ఏళ్ల గురించి చాలా టెన్షన్ పడ్డారు. "జైలుకు పంపిస్తారా?" అని నిజంగానే అడిగారు. రిటర్న్ వేయనందుకు ప్రాసిక్యూషన్ పెట్టే 276సీసీ సెక్షన్‌లోనే ఒక రక్షణ ఉంది. కట్టాల్సిన పన్ను, టీడీఎస్, అడ్వాన్స్ ట్యాక్స్ పోగా 10,000 దాటకపోతే గడువులో వేయలేదన్న ఒక్క కారణంతో మనిషి మీద ఆ కేసు నడపరు. ఆయనకు ఆ ఏళ్లలో పన్నే లేదు. పెన్షన్ స్లిప్పులు, వడ్డీ సర్టిఫికెట్లు ఏడాదివారీగా ఫైలు కట్టించాను. నోటీసు వస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ ఏడాదికి ఐటీఆర్-1 వేశాం.

మాస్టారి భార్య: రీఫండ్ కోసం అనుకుంటే తప్పనిసరి అని తేలింది

ఆవిడ వయసు 64. పుట్టింటి వాటాగా వచ్చిన వరి పొలాన్ని 2024లో 46 లక్షలకు అమ్మారు. డబ్బు బ్యాంకు ద్వారానే వచ్చింది, దాన్ని డిపాజిట్ చేశారు. ఆ ఏడాది డిపాజిట్ల వడ్డీ 2,78,000, సేవింగ్స్ వడ్డీ 9,000, మొత్తం 2,87,000. 15హెచ్ ఇవ్వకపోవడంతో 27,800 టీడీఎస్ కట్ అయింది.

మొదట పొలం అమ్మకం సంగతి తేల్చాలి. గ్రామీణ వ్యవసాయ భూమి చట్టం దృష్టిలో క్యాపిటల్ అసెట్ కాదు, కాబట్టి దాని లాభం మీద పన్ను లేదు. అయితే "పల్లెటూళ్లో ఉంది" అన్నంత మాత్రాన సరిపోదు. దగ్గరి మునిసిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపైతే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపైతే 6, ఆపైన 8 కిలోమీటర్ల అవతల భూమి ఉండాలి. కొలత రోడ్డు మీద కాదు, నేరుగా. వీళ్ల పొలం 11 కిలోమీటర్ల అవతల ఉంది. అడంగల్, 1-బి నకళ్లు, దూరం గురించి తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చిన పత్రం, అమ్మకం దస్తావేజు కాపీ ఫైల్లో పెట్టించాను. 30 లక్షలు, అంతకు మించిన ఆస్తి రిజిస్ట్రేషన్ల వివరాలు శాఖకు వెళ్తాయి. ఈ 46 లక్షలు ఆవిడ ఏఐఎస్‌లో కనిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు రిటర్న్ ప్రశ్న. ఆదాయం 2,87,000, పరిమితి లోపే. టీడీఎస్ 27,800 అంటే 25,000 దాటింది, కానీ ఆవిడకు 60 నిండాయి కాబట్టి గీత 50,000 దగ్గర ఉంది. ఈ రెండు లెక్కలతోనే ఆగితే రిటర్న్ తప్పనిసరి కాదు, రీఫండ్ కావాలంటే వేసుకోవచ్చు. ఇవే అంకెలతో ఆవిడ వయసు 59 అయి ఉంటే టీడీఎస్ ఒక్కటే తప్పనిసరి చేసేది.

బ్యాంకు స్టేట్‌మెంట్‌ను వరుసగా చదివితే ఇంకోటి బయటపడింది. సేవింగ్స్ ఖాతాలో పొలం డబ్బు 46 లక్షలు జమైంది. పాత డిపాజిట్ గడువు తీరి మరో 8 లక్షలు అదే ఖాతాలోకి వచ్చింది. మొత్తం 54 లక్షలు. 50 లక్షల షరతు తగిలింది.

సొంత డిపాజిట్ తిరిగి సొంత ఖాతాలోకి వస్తే దాన్ని జమగా లెక్కించాలా అని తోటి ప్రాక్టీషనర్లు వాదిస్తారు. ఆ వాదనలో న్యాయం ఉంది, ఎందుకంటే అది కొత్తగా వచ్చిన డబ్బు కాదు. కానీ నిబంధనలో "నగదు" అన్న మాట లేదు, ఫలానా జమను వదిలేయమనీ లేదు. రిటర్న్ వేస్తే పోయేది కొంత సమయం. వేయకపోతే వచ్చేది నోటీసు. అందుకే అన్ని జమలనూ కలిపే చూస్తాను. రిటర్న్ ఫారంలో ఏడో ప్రొవైజో (ఆదాయం పరిమితి లోపున్నా రిటర్న్ వేయించే, పైన చెప్పిన షరతులున్న 139(1)లోని భాగం) కింద వేస్తున్నారా అనే ప్రశ్న ఉంటుంది. దానికి "అవును" అని పెట్టి, కారణంగా సేవింగ్స్ జమను చూపించాం. చాలామంది ఆ ప్రశ్నను చదవకుండానే "కాదు" పెట్టేస్తారు. మా దగ్గర దాన్ని విడిగా చూసుకుంటాం.

అబ్బాయి: చెరువు వ్యవసాయం కాదు

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్నది అబ్బాయి ఫైలు. వయసు 40. రెండేళ్లుగా రొయ్యల సాగు చేస్తున్నాడు. "వ్యవసాయానికి పన్ను లేదు కదా అండి, నాకు రిటర్న్ ఏంటి?" అన్నాడు. జిల్లాలో సగం మంది ఇలాగే అనుకుంటారు, అలా అనుకోవడానికి కారణమూ ఉంది. బ్యాంకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తుంది. ఊళ్లో అందరూ రైతు అనే పిలుస్తారు. అతను పడే కష్టం కూడా రైతు కష్టమే.

ఆదాయపు పన్ను చట్టం మాత్రం వ్యవసాయ ఆదాయాన్ని భూమితో ముడిపెట్టింది. దున్నడం, విత్తడం, నాటడం లాంటి మూల పనులు భూమి మీద జరగాలని 1957లోనే సుప్రీంకోర్టు రాజా బినయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో తేల్చింది. చేపలు, రొయ్యలు, కోళ్లు, పాడి ఆ లెక్కలోకి రావు. అవి వ్యాపార ఆదాయమే. వరి పొలం కౌలు వ్యవసాయ ఆదాయం. అదే పొలాన్ని చెరువు తవ్వి రొయ్యలకు కౌలుకిస్తే ఆ కౌలు వ్యవసాయ ఆదాయం కాదు. ఈ తేడా తెలియక కౌలు డబ్బును మినహాయింపు గడిలో రాసేవాళ్లు ఎందరో ఉన్నారు.

2024-25లో అతని అమ్మకాలు 72 లక్షలు. సరుకంతా ఒకే ప్రాసెసింగ్ ప్లాంటుకు వేశాడు. ఆ కంపెనీ 194క్యూ కింద 50 లక్షలు దాటిన 22 లక్షల మీద 0.1 శాతం, అంటే 2,200 టీడీఎస్ కట్ చేసింది. అంటే ఎంత సరుకు అమ్మాడో అతను చెప్పకముందే శాఖ దగ్గర ఉంది. అమ్మకాలు 60 లక్షలు దాటాయి కాబట్టి రిటర్న్ తప్పనిసరి. చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు ఖర్చు 1,34,000, ఆ షరతూ తగిలింది.

కానీ లాభం లేదు. రెండో పంటకు తెల్లమచ్చ వైరస్ తగిలి, చిన్న సైజులోనే పట్టేసి అమ్ముకోవాల్సి వచ్చింది. సీడ్, ఫీడ్, మందులు, డీజిల్, కరెంటు, కూలీలు, చెరువుల కౌలు కలిపి ఖర్చు 80.5 లక్షలు. నష్టం 8.5 లక్షలు.

ఇక్కడ ఒక తేలిక దారి కనిపించింది, అతనికి ఎవరో అప్పటికే చెప్పారు కూడా. 44ఏడీ సెక్షన్ కింద, డబ్బంతా బ్యాంకులోనే వచ్చింది కాబట్టి అమ్మకాల్లో 6 శాతం, అంటే 4,32,000 లాభం చూపిస్తే చాలు. పుస్తకాలు అడగరు. 7 లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. ఫారం కూడా చిన్నది. "నష్టం చూపిస్తే ఆఫీసరు ప్రశ్నలు అడుగుతాడట, ఇది వేసేయండి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. రాని లాభాన్ని వచ్చిందని సంతకం పెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. అతనికి అది నష్టం కూడా. వ్యాపార నష్టాన్ని గడువులోగా రిటర్న్ వేసి చూపిస్తే ఎనిమిదేళ్ల పాటు వ్యాపార లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. ఆలస్యపు రుసుము కట్టినా తిరిగి రాదు. రొయ్యల సాగులో ఒక ఏడాది పోతే ఇంకో ఏడాది బాగా వచ్చే అవకాశం ఉంటుంది. ఆ మంచి ఏడాదిలో ఈ నష్టం అతని పన్నును తగ్గిస్తుంది.

నష్టం చూపించాలంటే లెక్క నిలబడాలి. ఫీడ్ డీలరు ఇచ్చిన ఖాతా పుస్తకాన్ని, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను పక్కపక్కన పెట్టుకుని ఒక్కో లైనూ సరిపోల్చాం. చాలావరకు ఆన్‌లైన్‌లోనే కట్టాడు. పంట చివర్లో మాత్రం చేతిలో డబ్బు ఉన్నప్పుడల్లా డీలరుకు నగదు ఇచ్చాడు. ఒక్కో రోజు 30,000, 50,000 చొప్పున అలా మొత్తం 2,10,000. ఒకే రోజు ఒకరికి 10,000 మించి నగదు ఇస్తే 40ఏ(3) కింద ఆ ఖర్చు చెల్లదు. నిజంగా ఫీడ్ కొన్నాడు, చెరువులో వేశాడు, అయినా లెక్కలోంచి తీసేయాల్సి వచ్చింది. అలా నష్టం 6,40,000కి దిగింది. సేవింగ్స్ వడ్డీ 12,000 అందులో సర్దుబాటు చేయగా, ముందుకు తీసుకెళ్లే నష్టం 6,28,000. "రెండు లక్షల పదివేలు ఊరికే పోయాయా?" అని అతను బాధపడ్డాడు. ఆ రోజు నుంచి డీలరుకు ఫోన్‌లోనే డబ్బు పంపిస్తున్నాడు.

అమ్మకాలు కోటి లోపే, 44ఏడీలోకి ముందెప్పుడూ వెళ్లలేదు కాబట్టి ఆడిట్ అవసరం రాలేదు. ఐటీఆర్-3 వేశాం. అంతకుముందు ఏడాది అమ్మకాలు 21 లక్షలు, లాభం 1,60,000 మాత్రమే, ఏ షరతూ తగల్లేదు. ఆ ఏడాదికి రిటర్న్ బాకీ లేదు.

అమ్మాయి: అమెరికాలో ఉన్నా

అమ్మాయి ఎన్నారై. అక్కడి జీతానికి ఇక్కడ పన్ను లేదు, అక్కడి ఖాతాలను ఇక్కడ చూపించాల్సిన పనీ లేదు. ఆ బాధ్యత దేశంలో నివాసులకే. ఇక్కడ ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇండియాలో వచ్చే డబ్బు కోసం పెట్టుకునే ఖాతా) ఉన్న డిపాజిట్ మీద వడ్డీ 1,10,000 వచ్చింది. ఎన్నారైలకు టీడీఎస్ పది శాతం కాదు, సెస్సుతో కలిపి 31.2 శాతం. 34,320 కట్ అయింది.

ఆదాయం పరిమితిలో సగం కూడా లేదు. కానీ టీడీఎస్ 25,000 దాటింది. ఆమెకు 60 నిండలేదు, నిండినా 50,000 గీత దేశంలో నివసించేవాళ్లకే. కాబట్టి తప్పనిసరి. అదే ఆమెకు లాభం కూడా, ఎందుకంటే కట్ అయిన మొత్తమంతా రీఫండ్‌గా రావాలి.

ఈమె విషయంలో మాస్టారికి ఇంకో భయం ఉంది. 2024 వేసవిలో దంపతులిద్దరూ అమెరికా వెళ్లొచ్చారు. టికెట్లు 2,60,000. "రెండు లక్షలు దాటితే రిటర్న్ వేయాలంటగా, మేమిద్దరం అందుకేనా వేస్తున్నాం?" అన్నారు. ఆ షరతు ప్రయాణం చేసినవాళ్లను చూడదు, ఖర్చు పెట్టినవాళ్లను చూస్తుంది. తన కోసమైనా, ఇంకొకరి కోసమైనా. టికెట్లు కొన్నది అమ్మాయి, తన కార్డు మీద. ఆమె ఎలాగూ రిటర్న్ వేస్తోంది.

ఎన్నారైలు ఐటీఆర్-1 వేయకూడదు, ఆమెకు ఐటీఆర్-2 వేశాం. ఆధార్ ఓటీపీ ఇక్కడి పాత నంబరుకు వెళ్తోంది, ఆ సిమ్ ఇప్పుడు లేదు. అందుకని నెట్ బ్యాంకింగ్ ద్వారా ఇ-వెరిఫై చేయించాను. వేసిన 30 రోజుల్లో వెరిఫై చేయకపోతే గడువులో వేసిన రిటర్న్ కూడా ఆలస్యంగా వేసినట్టే అయిపోవచ్చు.

కోడలు: అవసరం లేదు అని రాసిపెట్టాం

కోడలు వయసు 36. ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది, ఏడాదికి 1,80,000. ఈక్విటీ (షేర్ల) మ్యూచువల్ ఫండ్ అమ్మితే దీర్ఘకాలిక లాభం 70,000. 1.25 లక్షల దాకా ఆ లాభం మీద పన్ను పడదు, కానీ మొత్తం ఆదాయంలో మాత్రం అది కలుస్తుంది. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. కలిపితే 2,50,000. కొత్త విధానంలో పరిమితి 3 లక్షలు. పాత విధానంలో చూసినా 2.5 లక్షలు దాటలేదు, సరిగ్గా అక్కడే ఆగింది.

అనుమానం కరెంటు దగ్గర వచ్చింది. చెరువుల సర్వీసు కనెక్షన్ ఆమె పేరున ఉంది. బిల్లు మీద పేరు ఆమెది, ఖర్చు 1,34,000. చట్టం అడిగేది ఖర్చు పెట్టింది ఎవరని. బిల్లు ప్రతినెలా భర్త ఖాతా నుంచే వెళ్లింది, అతని లెక్కలోనే ఖర్చుగా చూపించాం. ఒకే ఖర్చును ఇద్దరికీ అంటగట్టలేం. ఆమెకు రిటర్న్ అవసరం లేదని నిర్ణయించి, ఎందుకు లేదో ఒక పేజీ నోట్ రాసి, భర్త బ్యాంకు స్టేట్‌మెంట్ కాపీతో ఆమె ఫైల్లో పెట్టాను. రేపు ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద ఆధారపడనక్కర్లేదు. హోమ్ లోన్ కోసమో వీసా కోసమో ఆమె తనంతట తాను రిటర్న్ వేసుకోవచ్చు, అడ్డేమీ లేదు. ఇప్పుడా అవసరం లేదంది.

తర్వాత

ఆ ఏడాది గడువును జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి, చివర్లో ఇంకో రోజు 16కి పొడిగించారు. చివరి రోజుల్లో పోర్టల్ మీద ఒత్తిడి తెలుసు కాబట్టి ముందుగానే నాలుగూ వేసేశాం. గడువు దాటి ఉంటే 234ఎఫ్ కింద 5 లక్షల లోపు ఆదాయానికి 1,000, ఆపైన 5,000 రుసుము పడేది. వేయాల్సిన బాధ్యతే లేనివాళ్లు రీఫండ్ కోసం ఆలస్యంగా వేస్తే ఆ రుసుము లేదు.

మాస్టారి భార్య రీఫండ్ మొదట ఆగింది. పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు ఖాతాలో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. పోర్టల్‌లో ఖాతా వాలిడేషన్ ఫెయిల్ అయింది. మన దగ్గర ఆడవాళ్ల ఫైళ్లలో ఇది చాలా మామూలు ఇబ్బంది. పాన్‌ను మార్చడం కంటే బ్యాంకులో కేవైసీ సరిచేయించడం తేలికని అలా చేయించాం. ఖాతా వాలిడేట్ అయ్యాక డబ్బు పడింది. 2025-26కి ఆవిడ వడ్డీ అంతా కలిపినా 4 లక్షల లోపే ఉంటుంది. 15హెచ్ ఇప్పించాను కాబట్టి టీడీఎస్ ఉండదు, ఖాతాలో పెద్ద జమలూ లేవు. అంటే ఆ ఏడాదికి ఆవిడకు రిటర్న్ అవసరం పడకపోవచ్చు. మార్చి అయ్యాక ఏఐఎస్ చూసి తేల్చుకుంటాం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేది 2025 ఆదాయపు పన్ను చట్టమే అయినా, 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టం లెక్కే.

అమ్మాయి పాత ఏళ్ల సంగతి మిగిలింది. అంతకుముందు రెండేళ్లలోనూ ఎన్ఆర్ఓ వడ్డీ మీద ఇలాగే టీడీఎస్ పోయింది, రిటర్న్‌లు వేయలేదు, గడువులు ఎప్పుడో దాటాయి. అప్‌డేటెడ్ రిటర్న్ వేసేద్దామని ఆమె అడిగింది. అది అదనపు పన్ను కట్టేవాళ్ల కోసం పెట్టింది, రీఫండ్ అడగడానికి పనికిరాదు. మిగిలిన దారి 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు. 2024 అక్టోబర్ 1 నాటి 11వ సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిసిన ఐదేళ్లలోగా అడగవచ్చు, కోటి రూపాయల దాకా రీఫండ్‌కు ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే నిర్ణయం తీసుకుంటారు. రెండేళ్లకు రెండు దరఖాస్తులు పోర్టల్‌లో పెట్టాం. ఆలస్యానికి కారణం, పాస్‌పోర్టు స్టాంపులు, 26ఏఎస్, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్లు జతచేశాం. ఇక ముందు ఇంత టీడీఎస్ పోకుండా 197 సెక్షన్ కింద తక్కువ కోత సర్టిఫికెట్‌కు ఫారం 13 వేయమని చెప్పాను, ఎందుకంటే ఎన్నారైలు 15జీ (60 ఏళ్ల లోపువాళ్లకు 15హెచ్ లాంటి ఫారం) ఇవ్వడానికి కుదరదు. ఆ రెండు దరఖాస్తులూ ఇంకా పెండింగ్‌లోనే ఉన్నాయి. మంజూరు ఉత్తర్వు వచ్చాక దాని నంబరుతో ఆ రెండేళ్ల రిటర్న్‌లు వేయాలి.